నాలుక చాపే మిషన్

బాలానగర్, హైదరాబాద్
18 జూలై 2004

అక్కకి,

భాస్కర్ దండాలు. నేను రాకుండా మిషన్‌ని పంపుతున్నందుకు ముందు తిట్టుకో, తర్వాత చదువు.

మా రామ్‌చందర్ సార్ షెడ్డులో లేబుళ్లు వలిచి ఇచ్చే మిషన్ చేస్తున్నానని చెప్పాను కదా. అయిపోయింది. అంటే, అయిపోయిందని నేనంటున్నాను, కాలేదని ఆయనంటున్నారు. ఫారిన్ మిషన్లు ఏసీ గదుల్లో నడుస్తాయి, మనది మన దుమ్ములో, మన కరెంటుతో నడిస్తేనే మిషన్ అని ఆయన పట్టుదల. "దుమ్ము ఏడ మంచిగ దొరుకుతది భాయ్?" అని అడిగారు. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు. కుంకుడుకాయ, శీకాయ పొడి పట్టే నీ షెడ్డును మించిన దుమ్ము ఈ రాష్ట్రంలో ఇంకెక్కడుంది? కిందటిసారి వచ్చి తుమ్మిన తుమ్ములకి నా పక్కటెముకలు ఇప్పటికీ నొప్పిగానే ఉన్నాయి.

వాడకం సులువే. లేబుళ్ల చుట్టని పైన తగిలించు. లేబుళ్లు అంటుకుని ఉన్న జారుడు కాగితం మిషన్ ముఖం మీదుగా కిందికి దిగి, పదునైన స్టీలు పట్టీ దగ్గర చటుక్కున వెనక్కి మడత పడుతుంది. లేబుల్ అంత తేలిగ్గా వంగదు కాబట్టి కాగితాన్ని వదిలేసి ముందుకు పొడుచుకు వస్తుంది. దాన్ని లాగి డబ్బాకి అంటించడమే. పెడల్ ఒకసారి తొక్కితే ఒక్క లేబుల్. ఎక్కడ ఆగాలో దానికి ఎలా తెలుస్తుందని అడుగుతావేమో. ముఖం మీద ఒక కన్ను పెట్టాను. లేబుల్‌కీ లేబుల్‌కీ మధ్య ఉన్న ఖాళీ కనిపించగానే అది మోటారుని ఆపేస్తుంది. ఆ కన్ను ఒక్కటి జాగ్రత్తగా చూసుకో.

ఎలా నడిచిందో ఫోన్లో చెప్పకు, రాయి. ఫోన్లో అయితే "బాగానే ఉంది" అని పెట్టేస్తావు. కాగితం మీద అయితే కడుపులో ఉన్నదంతా కక్కుతావు. మాకు కావలసింది అదే.

నీ తమ్ముడు,
ఉదయ్ భాస్కర్

అశ్వారావుపేట
2 ఆగస్టు 2004

ఒరేయ్ భాస్కరూ,

నూరేళ్లు చల్లగా ఉండు, మిషన్ బతికినా బతక్కపోయినా. ఫోన్ సంగతి నువ్వు చెప్పేదేముంది. ఫోన్ హాల్లో ఉంటుంది, మా అత్తయ్య చెవీ హాల్లోనే ఉంటుంది.

నీ మిషన్ బస్సు టాపు మీద క్షేమంగా దిగింది. కుట్టుమిషన్ అనుకుని మా షెడ్డులో పనిచేసే యశోద జాకెట్టు గుడ్డ కూడా తెచ్చుకుంది. కరెంటు పెట్టి పెడల్ తొక్కగానే లేబుల్ బయటికొచ్చి ఆగింది. ముత్తక్క రెండడుగులు వెనక్కి వేసింది. "ఏందమ్మా గిది, నాలుక ఎల్లబెట్టి ఎక్కిరిస్తాంది?" అంది. ఆ రోజు నుంచి దాని పేరు నాలుకమ్మ. ముత్తక్క నీకు తెలుసు కదా, అడవి పక్క గూడెం నుంచి కుంకుడుకాయలు తెచ్చి అమ్మేది. మీ బావ పోయాక నేను ఈ పని మొదలుపెడితే, కాయలు అమ్మడం మానేసి నాతోనే చేరిపోయింది.

నిజం చెప్పాలంటే నీ మిషన్ మంచి సమయానికి వచ్చింది. ఖమ్మంలో కొత్తగా తెరిచిన పెద్ద షాపు వాళ్లు మన డబ్బాలు వెనక్కి పంపేశారు. పొడి బాగుందట, లేబుళ్లే వంకరట. తాగి అంటించారా అని మేనేజర్ అడిగాడు. ఇక్కడ తాగే అలవాటు ఎవరికీ లేదు, వంకరగా అంటించే అలవాటే ఉంది. డిసెంబర్‌లో మళ్లీ ఒక లోడు తీసుకుని చూస్తామన్నారు.

అది కూడా వెనక్కి వస్తే నా పని అయిపోయినట్టే. షెడ్డు మా బావగారిది. వెంకటరామారావుగారు చెడ్డవారు కాదు, నా మంచి కోరేవారు, అదే వచ్చిన చిక్కు. "లోడు కుదరకపోతే కొత్త సంవత్సరం నుంచి షెడ్డులో ఎరువుల బస్తాలు వేసుకుంటానమ్మా, నువ్వు హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకుందువు గాని" అన్నారు. విశ్రాంతి అంటే తెలుసు కదా, హాల్లో అత్తయ్య పక్కన కూర్చుని సీరియళ్లలో ఏడ్చేవాళ్లని చూడడం. నాకీ షెడ్డు కావాలి రా. ఇక్కడైతే నేను తుమ్మినా నా తుమ్మే.

ఇక నీ రిపోర్టు. మధ్యాహ్నం పూట నాలుకమ్మ ఒక్కోసారి లేబుల్, దాని వెనక ఇంకో అర లేబుల్ ఇస్తోంది. మధ్యలో కాగితం చిరుగుతోంది. లేబుళ్లు ఎవరు ముందు వలుస్తారో చూద్దామని ముత్తక్క దానితో పందెం వేసి ఓడిపోయింది, మూడు రోజులుగా దాని వైపు చూడడం లేదు.

అక్క సుజన

బాలానగర్
22 ఆగస్టు 2004

అక్కా,

నీ ఉత్తరాన్ని రామ్‌చందర్ సార్ షెడ్డులో అందరి ముందు పైకి చదివించారు. "మన ఇంజనీర్ల రిపోర్ట్ కన్న గిది నయం, గిండ్ల అబద్ధం లేదు" అన్నారు. ఆ ఇంజనీర్లలో నేనూ ఉన్నాను కాబట్టి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుకమ్మ పేరు మాత్రం ఇక్కడ కూడా ఖాయమైంది.

మధ్యాహ్నం అర లేబుల్ ఎందుకో కనిపెట్టాను. నీ షెడ్డు రేకుకి పడమర పక్క చిల్లు ఉంది కదా, అందులోంచి ఎండ సరిగ్గా కంటి మీద పడుతోంది. ఎండ పడితే మనకి మాత్రం ఏం కనిపిస్తుంది? అటువైపు ఒక తెర కట్టు. కాగితం చిరగడానికి నా స్టీలు పట్టీ కారణం. మరీ కత్తిలా చేశాను. అంచు కొంచెం మొద్దు చేసి కొత్తది పంపుతున్నాను, పాతది వెనక్కి పంపు.

ఇంకొక ముఖ్యమైన మాట. కంటిని రోజూ పని మొదలుపెట్టే ముందు మెత్తటి బట్టతో తుడిపించు. నువ్వు మర్చిపోతే యశోదకి అప్పజెప్పు. ముత్తక్కకి మాత్రం వద్దు, ఓడినవాళ్లని నమ్మకూడదు.

భాస్కర్

అశ్వారావుపేట
10 అక్టోబర్ 2004

భాస్కరూ,

కొత్త పట్టీ వేశాక ఒక్క కాగితం చిరిగితే ఒట్టు. ఎండకి తెర కట్టమన్నావు, కట్టాను. అది అత్తయ్య పాత వెంకటగిరి చీర. ఆవిడకి ఇంకా తెలియదు, బీరువా తీసేదాకా నాకు భయం లేదు.

కంటి విషయంలో నువ్వు బెంగపెట్టుకోకు. యశోద పొద్దున్నే చేతులు కడుక్కుని, మెత్తటి బట్టతో దాన్ని తుడిచి గాని ఏ పనీ ముట్టదు. ఎర్రగా నిగనిగలాడిపోతోంది.

డబ్బాలు చూస్తుంటే ముచ్చటేస్తోంది రా. ఒక్కటీ వంకర లేదు. మచ్చుకి కొన్ని ఖమ్మం పంపితే మేనేజర్ ఫోన్ చేసి "మనుషుల్ని మార్చారా అండీ?" అన్నాడు. మనుషులు వాళ్లే, నాలుకే కొత్తదని చెప్పాను. వాడికి అర్థం కాలేదు. డిసెంబర్ రెండో వారంలో లోడు అడిగాడు.

దసరాకి షెడ్డులో మొదటిసారి ఆయుధ పూజ చేస్తున్నాం. బావగారు ఒప్పుకున్నారు. పూజ ఎలా జరగాలో అత్తయ్య అప్పుడే చెప్పేసింది. మిషన్‌కి బొట్టు మా తోటికోడలు పుష్పలత పెడుతుందట. నన్ను వెనక నిలబడి కొబ్బరికాయలు అందించమంది. మీ బావ పోయినప్పటి నుంచి ఏ పూజలోనైనా నా చోటు అదే, నాకూ అలవాటైపోయింది. వెనకాల గాలి కూడా బాగా వస్తుంది.

అక్క

అశ్వారావుపేట
27 అక్టోబర్ 2004

ఒరేయ్,

నీ నాలుకమ్మకి పిచ్చెక్కింది.

ఆయుధ పూజ బాగా జరిగింది, ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. చుట్ట విప్పి, మిషన్‌ని శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, దండ వేసి పూజ చేశాం. పండగ సెలవులయ్యాక సోమవారం చుట్ట మళ్లీ తగిలించి పని మొదలుపెట్టాం. సరిగ్గా అప్పుడే బావగారు ఎరువుల డీలర్‌ని వెంటబెట్టుకుని షెడ్డు చూపించడానికి వచ్చారు. ఇంకా లోడు వెళ్లనే లేదు, ఈయన గోడలు కొలిపిస్తున్నారు! నాకు ఒళ్లు మండింది. "చూడండి బావగారూ, మా మిషన్ ఎలా పని చేస్తుందో" అని ఠీవిగా పెడల్ తొక్కాను.

ఒక లేబుల్ వచ్చింది. దాని వెనక ఇంకొకటి వచ్చింది. కాలు తీసేశాను, అయినా వస్తూనే ఉన్నాయి. యశోద లాగి గోడకి అంటిస్తోంది, ఇంకొకామె తన చీరకి అంటించుకుంటోంది, ముత్తక్కేమో "గిప్పుడు వెయ్యి పందెం" అని చప్పట్లు కొడుతోంది. ఆపడానికి బావగారు ముందుకొచ్చి, నేలమీద లేబుళ్ల గుట్టలో జారి కూర్చున్నారు. ఎవరో ప్లగ్ పీకేసరికి చుట్ట అయిపోయింది.

ఆయన్ని లేపి, దులిపి పంపాం. వీపు మీద ఒకటి ఉండిపోయిందని మాకు తెలియదు. దానితోనే సొసైటీ ఆఫీసుకీ, పాలకేంద్రానికీ తిరిగొచ్చారు. బావగారిది నున్నటి బట్టతల అని నీకు తెలుసు. లేబుల్ మీద ఏముందో కూడా నీకు తెలుసు, "జుట్టు ఒత్తుగా పెరుగుటకు". ఊళ్లో అందరూ ఆయన వెనకే నడిచారట.

నవ్వినంతసేపు నవ్వాను. ఇప్పుడు భయమేస్తోంది. ఎన్నిసార్లు పెట్టి చూసినా అదే వరస, ఆగదు. డీలర్ కొలతలు రాసుకుని వెళ్లాడు. ఏదో ఒకటి చెయ్యి.

అక్క

బాలానగర్
3 నవంబర్ 2004

అక్కా,

బావగారి వీపు సంగతి చదివి సార్ కుర్చీలోంచి పడబోయారు. తర్వాత నన్ను కుర్చీలోంచి లేపి నిలబెట్టారు.

నీ ఒక్కదానిదే కాదు. చర్లపల్లిలో అగరుబత్తుల వాళ్లకీ, గుంటూరులో ఫినాయిల్ వాళ్లకీ ఇచ్చిన మిషన్లు కూడా పండగ దాటగానే ఇలాగే తిరగబడ్డాయి. అన్నీ ఒకేసారి చెడ్డాయంటే లోపల సర్క్యూట్ బోర్డులే నాసిరకానివి వచ్చి ఉండాలి. కొత్త బోర్డు పంపుతున్నాను, బొమ్మ గీశాను, చూసి బిగించు. మందుల కంపెనీకి ఇవ్వాల్సిన మిషన్ చేతిలో ఉంది, నన్ను కదలనివ్వడం లేదు.

బోర్డు మార్చినా ఆగకపోతే రెండు పనులు చెయ్యి. కంటిని మళ్లీ బాగా తుడువు. చుట్ట విప్పేసి, మిషన్ ముఖం దగ్గరగా కనపడేలా ఒక రంగు ఫోటో తీయించి పంపు. ఇంకొకటి అడుగుతాను, కోప్పడకు. చప్పట్లు కొట్టింది ముత్తక్కే కదా? పూజ రోజున ఆమె మిషన్ దగ్గర ఏమైనా చేసిందా?

భాస్కర్

అశ్వారావుపేట
14 నవంబర్ 2004

భాస్కరూ,

బోర్డు మార్చాను. నీ బొమ్మలో తీగ ఎటు పోతుందో తెలుసుకునేసరికి నా తల తిరిగింది. అయినా అదే తంతు. కంటికి ఏ జబ్బూ లేదు రా. తుడిచి తుడిచి యశోద చేతికి బొబ్బలొచ్చేలా ఉన్నాయి. స్విచ్ వేయగానే ఎర్రగా వెలుగుతోంది, మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది.

ముత్తక్క గురించి రాసింది నీకు తగదు. ఆమె విన్నది కూడా. ఉత్తరాలు చదివి వినిపించడం మా షెడ్డులో రివాజైపోయింది, తప్పించలేకపోయాను. "నీ తమ్ముడు మంచోడే గని, ఆడు చేసిన దాని మీద ఆడికే నమ్మకం లేదు" అంది.

ఫోటో కథ విను. స్టూడియో అతన్ని పిలిస్తే, ఆడవాళ్లందరినీ వరసగా నిలబెట్టి, ముందు వరసని కూర్చోబెట్టి, పెళ్లి ఫోటో తీసి పోయాడు. కడిగించాక చూస్తే మిషన్ ఎక్కడుందో కనిపించలేదు. పుష్పలత చెవి వెనక చిన్న ముక్క ఉంది, అదేనేమో. మళ్లీ పిలిచి, చుట్ట తీసి, ఎవరూ నవ్వకండని మిషన్ ఒక్కదాన్నే తీయించాను. అది ఇందులో పెట్టాను. మొదటిది కూడా పెట్టాను, అందులో నేను బాగా పడ్డాను.

లోడుకి చేత్తోనే అంటించడం మొదలుపెట్టాం. మళ్లీ వంకరలే.

అక్క

బాలానగర్
20 నవంబర్ 2004

అక్కా!

ఫోటో చూశాను. సార్ చూశారు. షెడ్డులో వెల్డింగ్ చేసే కుర్రాడి నుంచి టీ తెచ్చే ఆయన దాకా అందరూ చూశారు.

యశోద ఇన్నాళ్లూ చేతులు కడుక్కుని తుడిచింది కన్ను కాదు. అది కరెంటు ఉందని చెప్పే ఎర్ర దీపం! కన్ను దాని పైన ఉన్న గుండ్రటి నల్ల గాజు. దాన్ని చూసి మీరంతా ఏమనుకున్నారో ఇప్పుడు నాకు అర్థమైంది. కింద ఎర్ర కన్ను ఉంటే పైన ఉన్నది నుదురు. నుదురంటూ ఉంటే ఆయుధ పూజకి ఊరుకుంటారా? గంధం, కుంకుమ కలిపి రూపాయి బిళ్లంత బొట్టు మెత్తారు. పైన చుట్ట కాగితం వచ్చి కప్పేసింది. ఇక దానికి ఖాళీ ఎలా కనిపిస్తుంది, ఎక్కడ ఆగుతుంది?

బోర్డులు మార్చి, మోటార్లు విప్పి, నిద్ర మానుకుని చచ్చాను కదే! ఎవరా మహాతల్లి? నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు, ముత్తక్కే అయి ఉంటుంది. తడిబట్ట పెట్టి ఆ బొట్టు తుడిచిపారెయ్, ఒక్క నిమిషంలో మిషన్ బాగుపడుతుంది. ఇక నుంచి ఆమెని మిషన్ దరిదాపులకి రానివ్వకు.

భాస్కర్

అశ్వారావుపేట
25 నవంబర్ 2004

భాస్కర్,

ఆ మహాతల్లిని నేనే.

ఇంకోసారి రాస్తానన్నాను కదా, ఇప్పుడు రాస్తున్నాను. పూజ రోజున పుష్పలత కుంకుమ పళ్లెం పట్టుకుని నిలబడింది. నేను వెనక కొబ్బరికాయల దగ్గర ఉన్నాను. ముత్తక్క అందరికీ వినపడేలా అడిగింది. "గీ మిషన్ ఎవలది? సుజనమ్మది. షెడ్డు నడిపేదెవలు? సుజనమ్మ. మరి గామె ఎనక ఎందుకు నిలబడ్డది? మా గూడెంల పండగ చేస్తే, ఎవల పనిముట్టుకు ఆల్లే బొట్టు పెట్టుకుంటరు." అత్తయ్య ముఖం మాడ్చుకుంది. బావగారు పైన రేకుల వంక చూశారు. పుష్పలత ఏమనుకుందో ఏమో, పళ్లెం తెచ్చి నా చేతిలో పెట్టింది.

కుంకుమ ముట్టుకోవడం మూడేళ్ల తర్వాత అదే మొదటిసారి. నా చెయ్యి వణికింది. అందుకే కొంచెం ఎక్కువ పడింది, రూపాయి బిళ్లంత అని వెక్కిరించావు కదా, అందుకే అంతయింది. పైన కాగితం కప్పేసినా, అది లోపల ఉందని రోజూ నాకు గుర్తుంటుంది.

తడిబట్ట పెట్టి తుడిచిపారెయ్ అని ఎంత సులువుగా రాశావు! నా నుదుటిది తుడిచినప్పుడు కూడా నన్నెవరూ అడగలేదు, ఒక్క నిమిషంలోనే తుడిచేశారు. ఇది నేను పెట్టింది. దీన్ని నా చేత్తో తుడవను. యశోదని అడిగితే చెంపలేసుకుంది. ముత్తక్కని అడగడానికి నాకు నోరు రాలేదు, పైగా నువ్వు ఆమెని దరిదాపులకి రానివ్వద్దన్నావు.

తుడిస్తే లోడు సమయానికి ఖమ్మం వెళ్తుంది, షెడ్డు నిలుస్తుంది. నాకు తెలుసు. పొద్దున లేచినప్పటి నుంచి బట్ట తడుపుతున్నాను, ఆరేస్తున్నాను. నన్ను పిచ్చిదంటావా, అను. మిషన్ కంటే నాకే ముందు పిచ్చెక్కింది.

సుజన

బాలానగర్
1 డిసెంబర్ 2004

అక్కా,

తుడవకు.

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. సార్ అడిగితే చేతికిచ్చాను. ఆయన చదివి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివారు. నా మీద నాకే కోపం వచ్చింది. మా అక్క నుదుటి మీద బొట్టు లేదన్న సంగతి నాకు అలవాటైపోయింది, చూడు ఎంత గొప్ప తమ్ముణ్ణో. క్షమించు. ముత్తక్కకి కూడా చెప్పు, పందెంలో ఆమే గెలిచింది.

అగరుబత్తుల వాళ్లకి ఫోన్ చేసి అడిగాను, మిషన్‌కి బొట్టు ఎక్కడ పెట్టారండీ అని. నల్ల గాజు మీద, ఇంకెక్కడ పెడతాం అన్నారు. ఫినాయిల్ వాళ్లదీ అంతే. బోర్డులు మార్చి మార్చి నేనే వాళ్ల నెత్తిన కూర్చున్నాను. అప్పుడు సార్ అన్నారు, "అరే భాస్కర్, ఆయుధ పూజ చేసే మనుషులకి మిషన్ చేస్తున్నం. బొట్టుకి జాగా పెట్టకపోతే అది మన తప్పు, ఆల్లది కాదు." దుమ్ముకీ, ఎండకీ, కరెంటుకీ అన్నిటికీ ఆలోచించాను గాని, దీనికి ఆలోచించలేదు.

కాబట్టి ఈ పార్సిల్‌లో కొత్త కన్ను ఉంది. దాన్ని ముఖం మీద పెట్టకుండా పక్కకి, కాగితం అంచు దగ్గర బిగించేలా మార్చాను. చూడ్డానికి బట్టల క్లిప్పులా ఉంటుంది, దాని నోట్లోంచి కాగితం పోతుంది. ఎవరికీ నుదురని అనిపించదు. పాత గాజు వైరు మాత్రం తీసెయ్, గాజుని కదపకు. నువ్వు పెట్టింది అలాగే ఉంటుంది.

ఇంకొకటి, గుండ్రటి ఇత్తడి బిళ్ల. మిషన్ ముఖం పైభాగంలో బిగించు. దాని మీద చెక్కించాను, "బొట్టు ఇక్కడ". ఇక మీద మా షెడ్డు నుంచి బయటికెళ్లే ప్రతి మిషన్‌కీ ఈ బిళ్ల ఉంటుంది. మందుల కంపెనీవాడు ఇదేమిటని అడిగాడు. డిజైన్ అని చెప్పాను.

బొట్టు పెట్టడానికి సూచనలు, ఇంజనీరుగా రాస్తున్నాను, పాటించాలి. బిళ్ల దాటి బయటికి పూయకూడదు. పెట్టాక వేలికి మిగిలిన కుంకుమని రోలర్లకి గాని, స్టీలు పట్టీకి గాని, కాగితానికి గాని, తెరకి గాని తుడవకూడదు.

నీ తమ్ముడు,
భాస్కర్

అశ్వారావుపేట
14 డిసెంబర్ 2004

భాస్కరూ,

లోడు వెళ్లింది. నిన్న ఖమ్మం నుంచి మేనేజర్ ఫోన్ చేశాడు, హాల్లో అత్తయ్య చెవిన పడేలా పెద్ద గొంతు పెట్టి మాట్లాడాను. ఒక్క డబ్బా వెనక్కి రాలేదు. నెలనెలా పంపమన్నాడు. బావగారు ఎరువుల బస్తాలు రైసుమిల్లు పక్క కొట్టులో వేసుకుంటున్నారు. అక్కడ ఎలుకలున్నాయట, ఆయన మంచి కోరి పిల్లిని పంపుదామనుకుంటున్నాను.

నీ బట్టల క్లిప్పు కన్ను బ్రహ్మాండంగా చూస్తోంది. పెడల్ తొక్కితే నాలుక ఒక్కసారి చాపి, బుద్ధిగా ఆగిపోతోంది. నీ సందేశం చెప్తే ముత్తక్క నవ్వి, "గెలిచినోల్లను దగ్గరికి రానిస్తరా మరి?" అని మిషన్ పక్కనే పీట వేసుకుంది. ఇత్తడి బిళ్ల కూడా ఆమే బిగించింది. కొత్త భాగం వేశాక కొత్త బొట్టు పెట్టాలని పట్టుబట్టింది. పళ్లెం ఈసారి అత్తయ్య చేతిలో ఉంది. తెర కట్టిన చీర తనదని అప్పుడే గుర్తుపట్టింది, ఆ కోపంలో పళ్లెం ఎవరికివ్వాలో ఆలోచించడం మర్చిపోయి నాకే ఇచ్చేసింది.

నీ సూచనలు ముందు పైకి చదివించాను. బిళ్ల దాటకుండా పెట్టాను, చెయ్యి వణకలేదు. వేలికి ఇంకా కుంకుమ మిగిలింది. రోలర్లకి తుడవద్దన్నావు. పట్టీకి వద్దన్నావు, కాగితానికి వద్దన్నావు, తెరకీ వద్దన్నావు, అనకపోయినా అక్కడ అత్తయ్య నిలబడి ఉంది. కట్టుకున్న చీరేమో కొత్తది. అందరూ నా వేలి వంకే చూస్తున్నారు. ఇంకెక్కడ తుడుచుకోమంటావు రా?

నుదుటికి తుడుచుకున్నాను.

అత్తయ్య ఏదో అనడానికి నోరు తెరిచింది గాని, శీకాయ పొడి లోపలికి పోయి వరసగా తుమ్మింది. తుమ్ములు అయ్యేసరికి యశోద పెడల్ తొక్కేసింది, పని మొదలైపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి ముఖం కడుక్కున్నాను. బొట్టు తడవకుండా, చుట్టూ కడుక్కున్నాను.

నీ అక్క,
సుజన